కాలు మోపే చోటు

సీటు ఎంత మెత్తనిదైనా మోటారు సైకిలుపై మనిషి భంగిమను నిర్ణయించేది ఫుట్‌రెస్టే. 1983లో మన దేశంలో విడుదలైన రాజ్‌దూత్ 350 మా నలుగురి ఉమ్మడి సొత్తు. మలుపులో వాల్చినపుడు ఫుట్‌రెస్టు నేలను గీరకూడదని, ముందుకు వంగిన దేహానికి కాళ్లు వెనుకనుండి ఊతమివ్వాలని దానికి రేర్‌సెట్లు అమర్చదలచాము. పాదాలను వెనుకకు, పైకి జరపడమే వాటి పని.

వినడానికి నాలుగు బోల్టుల పని. కాని పాదం కదిలితే దానిని నమ్ముకున్నవన్నీ కదలాలి గదా! గేరు కడ్డీకి ఒక కొన కుడి మర, మరొక కొన ఎడమ మర. కడ్డీని తిప్పితే లివరు ఎత్తు మారుతుంది. షాఫ్టు మీది లివరును తలక్రిందులుగా బిగిస్తే మాత్రం మొదటి గేరు క్రిందికి గాక పైకి పడుతుంది. పందెగాళ్లు కోరి అలా చేసుకుంటారు. బజారులో తిరిగే మాకు అనవసరం. కిక్కుకు అడ్డురాకుండా కుడివైపు మడిచే ఫుట్‌రెస్టునే ఎంచుకున్నాము.

అసలు చిక్కు వెనుక బ్రేకుది. డ్రమ్మును లాగే కడ్డీ కొత్త పెడలుకు పొడవైపోయింది. దానిని కురచ చేసి, మళ్లీ మర కోయించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా సరిచేశాము. బ్రేకు దీపం వెలగనిదే ఉస్తాద్ బండిని కదలనివ్వలేదు.

ఇంతలో తేలినదేమనగా, ఆ ప్లేట్లలో వెనుక కూర్చునేవారి ఫుట్‌రెస్టులకు చోటే లేదు. మాలో ఒకరి అమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఈ బండే. ఆ మాటతో వాదన ముగిసింది. లేత్ దుకాణంలో ప్లేట్లను పొడవుగా కోయించి, పాత ఫుట్‌రెస్టులను వాటికే బిగించాము. బరువు కొంత పెరిగింది, పెరగనీ.