మాట చేరిన జాడ

మా అత్తగారికి పక్షవాతము సోకి రెండేండ్లు కావచ్చినది. కుడిచేయి, కుడికాలు స్వాధీనము తప్పుటయేగాక మాటయు పడిపోయినది. అంతకుముందు ఆమె పలుకు వినబడని గడియ మా యింట లేదు. మా వారు బడినుండి వచ్చుసరికి వీథి యరుగుమీదనే ఆనాటి సంగతులన్నియు చెప్పివేసెడివారు. అట్టి ఆమె నోట నిప్పుడు "ఆ" అను ధ్వని తప్ప మరియొకటి వెడలదు.

ఆసుపత్రిలోనున్న దినములలో, మూర్ఛ లేమైన వచ్చుచున్నవేమో తెలిసికొనుటకు ఆమెకు ఈఈజీ పరీక్ష చేయించిరి. జడవేయుటకు తీసినట్లు జుట్టు పాయలుగా తీసి, జిగురువంటి లేపనము రాచి, తీగెలుగల చిన్న లోహపు బిళ్ళలను నెత్తిమీద నతికించిరి. ఎదుటి తెరమీద గీతలు వరుసలు వరుసలుగా కదలుచు పోయినవి. పరీక్ష ముగిసిన పిమ్మట "ఈమెకు మన మాటలు తెలియుచున్నవా?" యని మేమడుగగా, అచటివారొకరు "తెలియవనియే అనుకొనుడు" అని తొందరగా చెప్పి వెడలిపోయిరి.

ఆ మాటను మేము నమ్మితిమి. నమ్ముట సులభముగా నుండెను. చూడవచ్చిన బంధువులు ఆమె మంచముచుట్టు కూర్చుండి, మందుల కెంతయైనది, ఈ సేవ ఇంకెన్నాళ్ళు, ఆమె చేతి గాజులు ఎవరికి చెందవలెను అని మాటలాడుకొనిరి. మేమును అందు పాలుగొంటిమి. గాజుల విషయమున మాకు అన్యాయము జరుగరాదని కూడ అంటిమి. ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది. వ్రాయనిచో ఈ వ్యాసమునకు మొదలే లేదు.

కొన్ని నెలలకు మా వారు, బడిలో విజ్ఞానశాస్త్రము బోధించువారగుటచే, ఆ యంత్రమును గూర్చి కొన్ని గ్రంథములు తెచ్చి రాత్రులయందు మాకు చదివి వినిపించిరి. రోగమును కనిపెట్టుటకే కాక, మనుష్యుడు భాష నెట్లు గ్రహించునో పరిశోధించుటకును ఆ గీతలు పనికివచ్చునట. అందలి సంగతులు మా సోదరీమణులకును తెలియదగినవని తోచి వ్రాయుచున్నాము.

మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను మొట్టమొదట గీతలుగా పట్టినవాడు జర్మనీదేశమున యేనా పట్టణమందలి మానసికవైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో ఆ పని సాధించి, అయిదేండ్లు దాచియుంచి, 1929లో ప్రకటించెను. ఆయన ఈ త్రోవ పట్టుటకు కారణము చిత్రమైనది. యౌవనమున సైన్యమునందుండగా గుఱ్ఱముమీదినుండి పడి, వెంట్రుకవాసిలో ప్రాణము దక్కించుకొనెను. ఆనాడే దూరమందున్న ఆయన అక్క, తమ్మునికేదో కీడు మూడినదని తండ్రిని తొందరపెట్టి తంతి ఇప్పించెనట. ఒకరి తలపు ఇంకొకరి మెదడున కెట్లు చేరునాయని వెదకుచు బయలుదేరినవాడు, తలపు చేరు త్రోవను కనుగొనలేదు గాని అలలను కనుగొనెను. తోబుట్టువు బెంగనుండి ఇంతటి శాస్త్రము పుట్టినదని తలచిన మాకు ముచ్చటయైనది.

ఆ అలలలో భాషకు చెందిన దానిని వేరుపరచినవారు అమెరికాలో శాండియేగోయందలి విశ్వవిద్యాలయమువారు. మార్తా కుటాస్ అను విదుషియు, స్టీవెన్ హిల్‌యార్డ్ అను నాతడును. 1980లో వారు కొందరిని తెరయెదుట కూర్చుండబెట్టి, ఒక్కొక్క మాటగా వాక్యములను చూపిరి. కొన్ని వాక్యములు సరిగా ముగియును. కొన్నిటి చివరిమాట పొసగదు. వారి వాక్యములు ఇంగ్లీషువి. మన భాషలో మేము కల్పించి చెప్పెదము: "అమ్మ వేడియన్నములో నెయ్యి వేసి బిడ్డకు తినిపించెను" అనుటకు మారుగా "బిడ్డకు తొడిగెను" అన్నట్లు. ఆ పొసగని మాట కనబడిన నాలుగువందల మిల్లీసెకన్లకు, అనగా సెకనులో సగమైన గడవకమున్నే, ఋణవిద్యుత్తువైపు ఒక అల లేచెను. దానికే ఎన్ 400 అని పేరు.

వింతగా నున్నదానికెల్ల మెదడు ఉలికిపడును గదా, ఇందేమి విశేషమని మేమడిగితిమి. వారును ఆ శంకను ముందే తలచిరి. సరియైన మాటనే పెద్ద అక్షరములతో చూపి పరీక్షించిరి. అప్పుడును మెదడు కదలినది. కాని లేచిన అల వేరు. కంటికి వింత యగుట వేరు, అర్థమునకు వింత యగుట వేరు. పిమ్మటి పరిశోధనలలో ఆ అల తప్పుమాటలకే కాక ప్రతిమాటకును కొంత కలుగునని తేలినది. ఎదురుచూచిన మాటయైనచో చిన్నది, ఎదురుచూడనిదైనచో పెద్దది. అనగా మనము వినువేళ ఊరక పాత్రవలె నింపించుకొనుట లేదు. రాబోవు మాటకై ముందుగనే పీట వేసియుంచుచున్నాము.

ఇది వినగనే మాకు చిన్ననాట నాయనగారు చెప్పిన తర్కసంగ్రహము జ్ఞప్తికి వచ్చినది. వాక్యార్థము తెలియుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును వలయునని అన్నంభట్టు చెప్పెను. యోగ్యత లేని వాక్యమునకు ఆయన చూపిన ఉదాహరణము, నిప్పుతో తడుపుట. శాండియేగోవారి వాక్యములును ఆ నిప్పుతో తడిపినవే గదాయని మేమనగా, మా వారు అంత సులభముగా ఒప్పుకొనలేదు. తర్కము వాక్యమున లోపమేమో చెప్పును. యంత్రము ఆ లోపము తలకెప్పుడు తట్టెనో చెప్పును. రెంటిని ఒకటి చేయరాదనిరి. న్యాయమే.

వ్యాకరణదోషములకు వేరొక అల కలదు. "మా అన్న ఊరినుండి వచ్చినది" అన్నచో అర్థము తెలియకపోదు, చెవికి మాత్రము గ్రుచ్చుకొనును. అట్టి తప్పులకు ఆరువందల మిల్లీసెకన్ల ప్రాంతమున ధనవిద్యుత్తువైపు అల లేచునని 1992, 1993 సంవత్సరములలో అమెరికా, నెదర్లాండ్సు దేశములవారు ప్రకటించిరి.

మేము రెండుమారులు చదివించుకొన్న భాగము వేరు. పక్షవాతముచే భాష దెబ్బతిన్నవారిని నెదర్లాండ్సులో ఇట్లే పరీక్షించి, 1997లో ఫలితములు వెలువరించిరి. గ్రహణశక్తి చాలవరకు నిలిచినవారిలో ఎన్ 400 ఆరోగ్యవంతులకువలెనే కలిగినది. గ్రహణము బాగుగా చెడినవారిలో అది చిన్నదై, ఆలస్యముగా వచ్చినది. నోరు పలుకకపోవుటయు, లోపల తెలియకపోవుటయు ఒకటి కాదన్నమాట. మా వారు పుస్తకము మూసిరి. ప్రక్కగదిలో అత్తగారున్నారు. మేమిరువురమును కొంతసేపు ఏమియు మాటలాడుకొనలేదు.

అయినను ఆ యంత్రము మనసులోని మాటలను చదువునని సోదరీమణులు భ్రమపడవలదు. చేతిదీపపు బ్యాటరీ వోల్టున్నర యుండును. ఈ అల వోల్టులో పదిలక్షలవ వంతులు కొన్ని మాత్రమే. ఇతర తరంగముల నడుమ ఒక్క వాక్యమున కది సాధారణముగా కానరాదు. పదుల వాక్యములు వినిపించి, వాని గీతల నన్నిటిని కలిపి సగటు తీయవలెను. పదిమంది అడుగులు పదివిధముల పడినను గడప అరిగినచోటు ఒక్కటిగా తేలునట్లు అప్పుడది తేలును. ఆరోగ్యవంతులలో కూడ కొందరియందది స్పష్టపడదు. కావున అల లేదని గ్రహణమే లేదనరాదు. మా అత్తగారికి ఆసుపత్రిలో చేసినది మూర్ఛల పరీక్షయేగాని ఇట్టిది కాదు. ఆ గీతలను చూచి ఆమెకు మాటలు తెలియవని చెప్పుట కెవ్వరికిని ఆధారము లేకుండెను.

మరునాడు ఉదయమున మేము ఆమె మంచముకడ కూర్చుండి, గాజుల మాట మేమన్నది తప్పని చెప్పితిమి. ఆమె గోడవైపు చూచుచుండిరి. విన్నారో లేదో తెలియదు. మరల చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు. అప్పటినుండి మందుల లెక్క పెరటిలోనే మాటలాడుకొనుచున్నాము. మధ్యాహ్నములయందు ఆమె యెడమచేతిని మా చేతనుంచుకొని భారతము చదువుచున్నాము.

మొన్నటి శనివారము విరాటపర్వము చదువుచుంటిమి. రాత్రి నిద్రలేమిచే కన్నులు మూతపడుచున్నవి. జమ్మిచెట్టుకడ రథము నిలిచినచోట రెండు పుటలొక్కటిగా త్రిప్పితిమి కాబోలు, కౌరవసేన మూర్ఛిల్లిన ఘట్టమునకు పోయితిమి. పోయినట్లు మాకే తెలియలేదు. ఆమె యెడమచేయి మా వ్రేళ్ళను గట్టిగా నొక్కినది. తలయెత్తి చూచితిమి. ఆమె కనుబొమ్మలు ముడివడియున్నవి. పూర్వము మేము పులుసులో ఉప్పు మరచిననాడు చూచినట్లే చూచుచున్నారు.

పుటలు వెనుకకు త్రిప్పి, జమ్మిచెట్టుకడనుండి మరల నారంభించితిమి.