మూస్ అడవిలో ఒక్క గుండు

సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చిందంటే ఉత్తర స్వీడన్‌లో ఊళ్ళకు ఊళ్ళు పలచబడిపోతాయి. కర్రకోత మిల్లులో పనివారు సగం మంది వుండరు. తలుపు బాగుచేయమని వడ్రంగిని పిలిస్తే, వేట అయ్యాక చూద్దామంటాడు. అందరూ అడవిలో వుంటారు. అది మూస్ వేట మొదలయ్యే రోజు. దక్షిణాదిన ఈ సందడి అక్టోబరు రెండో సోమవారం గాని మొదలవదు. సంక్రాంతికి మన పల్లెలు నిండినట్టు, ఆ వారం వారి అడవులు నిండుతాయి.

మూస్‌ను స్వీడన్ వారు 'ఎల్య్' అంటారు. జింకజాతిలోకెల్లా పెద్దది. నల్లమలలో కణితిని చూసి 'అబ్బ, ఎంత జంతువు!' అనుకున్నవారు దీన్ని చూస్తే, కణితి దీని తమ్ముడి కొడుకేమో అనుకుంటారు. బాగా ఎదిగిన పోతు భుజం దగ్గర రెండు మీటర్లకు దరిదాపుగా వుంటుంది. 400 కిలోలకు పైగా తూగుతుంది. పొడుగు కాళ్ళు, వేలాడే పై పెదవి, గొంతు కింద గడ్డం. చూడడానికి వికారంగా వున్నా, మనిషి మోకాలిలోతు దిగబడే బాడవలో అది చప్పుడు లేకుండా నడిచిపోతుంది.

ఇంత జంతువును పడగొట్టడానికి ఎంత తుపాకి కావాలి? కొత్తగా వెళ్ళినవాడు ఫిరంగికి తమ్ముడి వంటిది కావాలనుకుంటాడు. తీరా చూస్తే అక్కడి పెద్దల భుజాలకు వేలాడేది చాలా చోట్ల సన్ననైన 6.5×55 రైఫిలే. స్వీడన్, నార్వేలు ఒకే రాజు కింద వున్న రోజుల్లో, 1890 దశకంలో, రెండు దేశాల సైన్యాలకూ కలిపి తయారుచేసిన తూటా అది. దాని గుండు చిటికెనవేలి కన్నా సన్నం. తాత ముత్తాతల నాటి నుంచి లెక్కలేనన్ని మూస్‌లు దానికే పడ్డాయి.

అయితే ఏ గుండైనా చెల్లుతుందా? చెల్లదు. సీసపు గుండ్ల కాలంలో అక్కడి ప్రభుత్వం స్థిరపరచిన లెక్క ఒకటి వుంది. గుండు 10 గ్రాములైనా వుంటే, 100 మీటర్ల దూరంలో దాని శక్తి 2000 జౌళ్ళకు తగ్గకూడదు. 9 గ్రాములదైతే 2700 జౌళ్ళు వుండాలి. బరువు తగ్గితే ఊపు పెరగాలన్న మాట. పైగా ఒంట్లోకి వెళ్ళాక విచ్చుకునే గుండే అయివుండాలి. 6.5లో 10 గ్రాముల పొడవాటి గుండు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. ఇంకా గట్టిది కావాలనేవారు 1906 నాటి అమెరికన్ సైనిక తూటా .30-06 గాని, 1905లో బెర్లిన్ తుపాకీ పనివాడు ఓటో బాక్ రూపొందించిన 9.3×62 గాని పుచ్చుకుంటారు.

తూటా పెద్దదైతే చాలదని తెలియజెప్పిన ఉదంతం ఒకటి మూస్ వేటలోనే జరిగింది. అయితే స్వీడన్‌లో కాదు, కెనడాలో. 1946లో జాన్ నాస్లర్ అనే అమెరికన్ బ్రిటిష్ కొలంబియా అడవుల్లో ఒక పోతును కాల్చాడు. చేతిలో వున్నది మహావేగంగా పోయే మాగ్నమ్ రైఫిల్. మూస్ ఒంటినిండా బురద అట్టకట్టి వుంది. ఆ వేగానికి గుండు పైపైనే చితికిపోయింది, లోపలి ఆయువుపట్టును చేరలేదు. నాస్లర్ ఇంటికి వెళ్ళి ఆలోచించి, మధ్యలో లోహపు అడ్డుగోడ వున్న గుండును తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది. గోడ వెనుక సగం చెదరకుండా లోపలికి తోసుకుపోతుంది. 1948 నుంచి ఆ గుండు బజారులోకి వచ్చింది. సీసాన్ని రాగి తొడుగుకు విడిపోకుండా అతికించిన గుండ్లు కూడా తరువాత వచ్చాయి. అన్నిటి వెనుకా వున్న సూత్రం ఒక్కటే: గుండు విచ్చుకోవాలి, కాని విరిగిపోకూడదు.

ఇక వేటగాడి సంగతి. పెద్ద తూటా భుజాన్ని గట్టిగా తన్నుతుంది. తన్నుకు జడిసినవాడు మీట నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుంటాడు. గురి తప్పిన పెద్ద గుండు కన్నా గురి కుదిరిన చిన్న గుండే మేలు. అందుకే స్వీడన్‌లో 1985 నుంచి కొత్త వేటగాళ్ళకు పరీక్ష పెట్టారు. 80 మీటర్ల దూరాన పట్టాల మీద మూస్ బొమ్మ పరుగెడుతుంది. దాన్ని ఊపిరితిత్తుల చోట కొట్టి చూపించాలి. ఆ చోటు ముంగాలి వెనుక, ఛాతీ నడుమన వుంటుంది. అక్కడ తగిలితే ఏ తగిన గుండైనా పని ముగిస్తుంది. పొట్టలో తగిలితే ఎంతటి తూటా అయినా ఆ జంతువుకు నరకమే.

మూస్‌తో ఒక చిక్కు వుంది. ఊపిరితిత్తుల్లో గుండు దిగినా ఏమీ జరగనట్టు నిలబడి చూస్తుంది. లేదా నెమ్మదిగా నడిచి భూర్జ వృక్షాల వెనక్కి వెళ్ళిపోతుంది. తప్పిపోయిందనుకుని వేటగాడు వెనుదిరిగితే, అది వంద గజాల అవతల పడి వుంటుంది. దెబ్బ సరిగా తగలకపోతే రోజుల తరబడి బాధపడుతుంది. అందువల్ల గాయపడ్డ జంతువు జాడ తీసే కుక్కను రెండు గంటల్లోగా అక్కడికి తేగలిగి వుండాలని అక్కడి చట్టం. యెమ్ట్‌లాండ్ కుక్కలు తోడేళ్ళలా వుండి, పోతును నిలువరించి మొరుగుతాయి. తుపాకి ఎంత అవసరమో కుక్కా అంతే అవసరం.

ఈ రోజుల్లో వారికి మరో విచారం పట్టుకుంది. సీసపు గుండు లోపల పొడిపొడిగా రాలి మాంసంలో కలుస్తుంది. పిల్లలకు, గర్భిణులకు అది హాని. అందుకని గాయం చుట్టూ మాంసాన్ని ధారాళంగా కోసి పారేస్తారు. కొందరు పూర్తిగా రాగితో చేసిన గుండ్లకు మారారు. రాగి సీసం కన్నా తేలిక. విచ్చుకోవడానికి వేగం కావాలి. కాబట్టి దూరం, బరువు మళ్ళీ కొత్తగా లెక్కవేసుకోవాల్సి వస్తున్నది.

1982లో ఆ ఒక్క దేశంలోనే 1,70,000కు పైగా మూస్‌లను వేటాడారు. ఇటీవల ఆ సంఖ్య అందులో సగానికి కూడా రావడం లేదు. మన దేశంలో 1972 చట్టంతో వేట ముచ్చట తీరిపోయింది. అందుకు మనం సంతోషించాలి. వేట ఇంకా సాగే చోట మాత్రం మనిషి జంతువుకు ఒక బాకీ పడివున్నాడు: త్వరగా ప్రాణం పోయేటట్టు చూడడం. స్వీడన్‌లో తూటా బేరమాడే ప్రతివాడూ, తెలిసో తెలియకో, ఆ బాకీనే లెక్కపెడుతున్నాడు.