వేయి గజాల కొండదారి

మన దేశంలో కొండ ఎక్కడం తొందరపడి చేసే పని కాదు. పళని మెట్లెక్కే భక్తుడు నడుమ నడుమ ఆగి దండం పెట్టుకుంటాడు. తిరుమల ఘాట్ రోడ్డు మీద వాహనాలకు ప్రయాణకాలం నిర్ణయించి, అంతకంటె ముందుగా చేరినవారికి జరిమానా విధించిన సందర్భాలు కూడా ఉన్నాయి. కొండమీదికి త్వరగా చేరడం మన దృష్టిలో ఘనకార్యం కాదు సరికదా, కొంత అపచారం. అటువంటి సంస్కారంలో పెరిగిన నేను ఏభైనాలుగేళ్ళ వయస్సులో శిరస్త్రాణం ధరించి, రోజూ ఉద్యోగానికి వెళ్ళే కారులోనే కూర్చుని, ఒక కొండను ఎన్ని సెకన్లలో ఎక్కగలనో తేల్చుకోవడానికి సిద్ధపడినాను. దానికి కారణం చెప్పవలసి ఉన్నది.

మా నాన్నగారు నీలగిరి ఘాట్ మీద బస్సు నడిపేవారు. మేట్టుపాళయం నుంచి ఉదకమండలం దాకా ఇరవైఎనిమిదేళ్ళు అదే దారి, అవే మలుపులు. ఆయనకు రెండే సూత్రాలు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. రెండవది మన రహదారి నిబంధనలలో కూడా ఉన్న మాటేనని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. "వెనక నలభైమంది ఉన్నారు" అనేది ఆయన ఊతపదం. భోజనం దగ్గర మేము తొందరపడినా ఆయన ఆ మాటే అనేవారు.

ఉద్యోగరీత్యా నేను ఇంగ్లండు వెళ్ళి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడినాను. మా అబ్బాయి అక్కడే పుట్టి పెరిగినవాడు. తాతగారి చేతి నేర్పు వాడికి వచ్చింది గాని, ఆయన భయం రాలేదు. వాడికి పందొమ్మిదో ఏడు నడుస్తూ ఉండగా, ఒక రాత్రి పల్లెదారిలో మలుపు తిరగలేక కారును ముళ్ళకంచెలోకి తోలినాడు. వాడికి గీరుకుపోయిన గాయాలు తప్ప మరేమీ కాలేదు. కాని అంతకు కొద్ది నిమిషాల ముందు ఒక వృద్ధురాలు కుక్కను వెంటబెట్టుకుని ఆ దారినే నడిచి వెళ్ళిందట. ఆ సంగతి చెప్పినవాడు ఆ కంచె యజమాని. విన్నప్పుడు నా కాళ్ళలో సత్తువ పోయింది.

ఇంటికి వచ్చిన తరువాత నేను ఒక్కటే ప్రశ్న అడిగినాను: "ఎంత వేగంతో పోతున్నావు?"

"చూడలేదు, నాన్నా" అన్నాడు.

ఆ జవాబే నన్ను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టింది. వేగం వాడికి ఒక మైకం. దానికి కొలత లేదు, లెక్క లేదు. మందలిస్తే మౌనంగా వింటాడు. తాళాలు దాచిపెడితే స్నేహితుడి కారు ఎక్కుతాడు. ఏమి చేయాలో తోచక ఉన్న ఆ రోజులలో, నాతో పనిచేసే ఒక పెద్దమనిషి షెల్స్‌లీ వాల్ష్ సంగతి చెప్పినాడు.

అది వూస్టర్‌షైర్‌లో టీమ్ నది లోయలో ఉన్న చిన్న పల్లె. మిడ్‌లాండ్ ఆటోమొబైల్ క్లబ్బువారు 1905 ఆగస్టు 12న అక్కడ మొదటి పోటీ నడిపినారు. మోటారుకారుకు కొండ ఎక్కడమే ఒక పరీక్షగా ఉన్న కాలమది. ఆనాడు విజేత అయిన ఎర్నెస్ట్ ఇన్‌స్టోన్‌కు పట్టిన కాలం 77.6 సెకన్లు. 1907లో దారిని సరిగా వేయి గజాలకు పొడిగించినారు. ఆ వేయి గజాలలో నేల 328 అడుగులు లేస్తుంది. 1930లో హాన్స్ స్టక్ అనే ప్రసిద్ధుడు ఆ దారిని 42.8 సెకన్లలో ఎక్కి చూపరులను దిగ్భ్రాంతులను చేసినాడు. ఇప్పుడు ఈ పోటీకే ప్రత్యేకంగా నిర్మించిన యంత్రాలు ఇరవైమూడు సెకన్ల లోపలే పైకి చేరుతున్నాయి. కాని వాటి సరసనే, వాటి జోలికి పోకుండా, మామూలు రోడ్డు కార్లకూ వేరే తరగతులున్నాయి. ఆ తరగతిలో నీ పోటీ నీవంటివాడితోనే. అంతకంటె ముఖ్యంగా, నీ కిందటి పరుగుతో.

ఇద్దరు ఒకే కారును పంచుకుని నడపడానికి అక్కడి నియమాలు ఒప్పుకుంటాయి. ఒకడు దానిని పాడుచేస్తే రెండవవాడికి పరుగు లేదు, ఇద్దరికీ ఇంటికి వెళ్ళే సాధనమూ లేదు. మామూలు రోడ్డు బీమా ఇటువంటి పోటీలో చెల్లదు గనుక, నష్టమంతా మనదే. ఈ షరతులన్నీ చెప్పి, నా పదిహేనేళ్ళ చిన్న కారులో ఇద్దరమూ నడుపుదామా అని మా అబ్బాయిని అడిగినాను. వాడు నవ్వి ఒప్పుకున్నాడు. నా భార్య మాత్రం, "మామగారు ఉంటే ఏమనేవారు?" అన్నది. నాకు సమాధానం దొరకలేదు.

క్లబ్బు సభ్యత్వం, ప్రారంభశ్రేణి లైసెన్సు, నిప్పుకు త్వరగా అంటుకోని దుస్తులు, ప్రమాణముద్ర ఉన్న శిరస్త్రాణం సమకూర్చుకున్నాము. ఖర్చు తక్కువేమీ కాలేదు గాని, కారుకు చేసిన మార్పులు స్వల్పమే. మంచి టైర్లు వేసి, బ్రేకు నూనె మార్చినాము. బ్యాటరీని కదలకుండా బిగించి, దాని భూతీగకు పసుపు పట్టీ చుట్టినాము. కారు ముక్కుకు పది అంగుళాల ఎత్తు, రెండంగుళాల వెడల్పుగల నల్లని రేకు నిలువుగా అమర్చినాము. కాలం కొలిచే కాంతికిరణాన్ని అడ్డగించేది ఆ రేకే.

పోటీ ఉదయం కారును తనిఖీ చేసిన అధికారి స్టీరింగును, చక్రాలను ఊపి చూసినాడు. సీటు బెల్టులు లాగినాడు. తరువాత ముందుపలక మీద నా భార్య ప్రతిష్ఠించిన వినాయకుడిని చూసి, లోపల వదులుగా ఉన్న వస్తువేదీ ఉండరాదని ఎంతో మర్యాదగా చెప్పినాడు. విఘ్నేశ్వరుడు ఆ పూట మా పులిహోర డబ్బా పక్కన కూర్చున్నాడు.

బయలుదేరే గీత దగ్గరే దారి ఏటవాలుగా ఉంటుంది. కారు వెనక్కు జారకుండా ఒక మనిషి వెనుక చక్రానికి దిమ్మ అడ్డం పెట్టినాడు. దానిని చూసేసరికి నాకు మా నాన్నగారి బస్సు, చక్రం కింద రాయి పెట్టడానికి పరుగెత్తే క్లీనరు కుర్రవాడు కళ్ళకు కట్టినారు. పచ్చదీపం వెలిగింది. వెలిగినంతమాత్రాన ఉరకనక్కరలేదు, రేకు కిరణాన్ని దాటినప్పుడే గడియారం మొదలవుతుంది. మొదటి అరవైనాలుగు అడుగులకు పట్టిన కాలాన్ని వేరుగా కొలుస్తారు. అది క్రికెట్ పిచ్ పొడవుకంటె రెండడుగులు తక్కువ. ఆ కొద్ది దూరంలోనే చక్రాలను ఊరకే తిప్పి కాలం పోగొట్టుకున్నాను.

కెన్నెల్ మలుపు, క్రాసింగు దాటిన తరువాత, ఎడమకు ఒకటి, వెంటనే కుడికి ఒకటి జంట మలుపులు వస్తాయి, పక్కన మట్టికట్ట. మొదటి మలుపు మధ్యలో భయం వేసి బ్రేకు తొక్కినాను. కారు వెనుకభాగం పక్కకు ఒరిగి, మళ్ళీ దయతలచి సర్దుకున్నది. 47.2 సెకన్లు. ముప్ఫైఏళ్ళుగా నేను మంచి డ్రైవరునని నమ్ముతున్నాను. నన్ను ఎవరూ పరీక్షించకపోవడమే ఆ నమ్మకానికి ఆధారమని పైకి చేరేసరికి తెలిసింది.

మా అబ్బాయి పరుగు చూడడానికి మహోగ్రంగా ఉన్నది. మలుపు మలుపునా టైర్లు కీచుమన్నాయి. దిగి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతున్నది. ఫలితం: 47.9. వాడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివినాడు. పక్క కారు ముసలాయన, ఎవరూ అడగకుండానే, టైరు అరిచిన చోట కాలం పోతుందని చెప్పి తన పనిలో పడిపోయినాడు.

మధ్యాహ్నం మా అబ్బాయి మరెవరితోనూ మాట్లాడలేదు. కొండదారి పటాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడ బ్రేకు విడవాలి, ఎక్కడ ఓపికపట్టాలి అని లెక్క వేసుకున్నాడు. చివరి పరుగులో కారు చప్పుడు చేయలేదు, మలుపులలో తొందరపడలేదు, చూసేవారికి నిదానంగా పోతున్నట్టే ఉన్నది. 44.1 సెకన్లు. నాది 46.3. స్టక్ కాలానికి ఇంకా ఒకటింబావు సెకనుకు పైగా దూరమే. పైగా ఆనాటి టైర్లు, ఆనాటి దారి వేరు. అయినా వాడు ఆ పోలికను మూడుసార్లు చెప్పినాడు. నేను అడ్డు చెప్పలేదు.

వేగమే దోషమని నాకు ఇప్పుడు అనిపించదు. ఎదుట ఎవరూ రానివ్వకుండా మూసిన దారి, చేయెత్తి ఆపే మనుషులు, సెకనులో నూరోవంతు దాకా తప్పు చూపే గడియారం ఉన్నప్పుడు, వేగం ఒక విద్య. ఇతరుల ప్రాణాలున్న దారిమీద అదే దౌర్జన్యం. నలభైమందిని వెనక కూర్చోబెట్టుకున్న మా నాన్నగారు ఈ విద్యను ఎన్నడూ వెలికి తీయలేదు. కాని ఆయన చేతిలో అది ఉండేదనే ఇప్పుడు నా ఊహ.

సాయంత్రం వినాయకుడిని తిరిగి ప్రతిష్ఠించి, నల్లరేకు విప్పి, అదే కారులో ఇంటికి బయలుదేరినాము. తోలుతున్నది మా అబ్బాయి. ఇరుకైన పల్లెదారి దిగుతూ ఉండగా ఎదురుగా ఒక ట్రాక్టరు ఎక్కి వస్తున్నది. వాడు కారును ఆపి, కొంత వెనక్కు తీసి, దానికి దారి ఇచ్చినాడు. ఎక్కే బండికి దారి ఇవ్వమనే మాట ఆ దేశపు రహదారి నియమావళిలోనూ ఉన్నది. లైసెన్సు పరీక్షకు చదివి ఉంటాడు. నేను ఏమీ అనలేదు.

వాడు పూర్తిగా మారిపోయినాడని చెప్పను. రాత్రి ఆలస్యమైతే నేను ఇప్పటికీ మెలకువగానే ఉంటాను. కాని వీధి మలుపు దగ్గర ఆ కారు టైర్లు కీచుమనకుండా తిరిగిన చప్పుడు వినిపించగానే, దీపం ఆర్పి పడుకుంటాను.