ఇసుకే దుందుభి

షాబాద్ గుట్టల్లో పుట్టిన దుందుభి వాగు ఏడాదిలో నాలుగు నెలలే పారుతుంది. తక్కిన కాలమంతా అది ఇసుక బాట. జడ్చర్ల దాటి మిడ్జిల్ వైపు మళ్లేసరికి రెండు ఒడ్లా ఎర్రచల్కలు, రాతిగుండ్లు, గడ్డి నడుమ తుమ్మ, మోదుగ, ఈత చెట్లు కనిపిస్తాయి. ఆఫ్రికా సవన్నాలను చూసినవాళ్లకు ఈ నేల కొత్తగా అనిపించదు.

దీని పారకానికి ఒక పద్ధతి ఉంది. పడ్డ వాన ముందుగా గొలుసుకట్టు చెరువుల్లోకి చేరుతుంది. అవి అలుగు పోస్తేనే వాగుకు బలం వస్తుంది. అడుగున నల్లరాయి, పైన పలచటి మన్ను కావడంతో పెద్ద వాన పడితే నీళ్లు ఒక్కసారిగా ఉరికొస్తాయి. కల్వకుర్తి దగ్గర రఘుపతిపేట వద్ద వాగు ఉధృతమైతే రాకపోకలు నిలిచిపోతాయి. వరద తీశాక మిగిలేది ఇసుక.

అసలు నీళ్లు ఆ ఇసుకలోనే ఉంటాయి. ఎండాకాలంలో చెలిమె తవ్వితే ఊరేవి అవే. ఒడ్డు పొలాల బావులు, బోర్లు బతికేదీ ఆ ఊటతోనే. కెన్యాలోని కితుయి ప్రాంతంలో ఇలాంటి వాగులకు అడ్డంగా చిన్న గోడలు కట్టి, ఇసుక మేట వేయించి, అందులో నీళ్లు దాచుకుంటారు. మన దగ్గర సహజంగా పడ్డ మేటను ట్రాక్టర్లకెత్తి పట్నాల మేడలకు తోలుతున్నారు. రాతిపొర తేలిన చోట చెలిమె లేదు, బోరు లేదు, చివరికి కూలికి వలస పోవడమే మిగులుతుంది.

కిందికి వెళ్తే పాలమూరుకూ నల్లగొండకూ మధ్య, హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు పక్కన, ఈ వాగు మీదే కట్టిన డిండి జలాశయం వస్తుంది. 1940లలో నిజాం ప్రభుత్వం కట్టించింది. పూర్తి మట్టం 36 అడుగులు, నిల్వ దాదాపు 2.4 టీఎంసీలు. సొంత వాగు నింపలేని ఏళ్లలో కల్వకుర్తి ఎత్తిపోతల కృష్ణా నీళ్లే దిక్కు. కృష్ణకు నీళ్లిచ్చే ఉపనది కృష్ణ నీళ్ల కోసమే ఎదురుచూస్తోందన్నమాట. ఫ్లోరైడ్ పీడించిన మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లు తరలించడానికి 2015 జూన్‌లో డిండి ఎత్తిపోతలకూ శంకుస్థాపన జరిగింది.

డిండి కట్ట దిగాక వాగు చందంపేట గుట్టల మీదుగా, నల్లమల అంచున సాగి కృష్ణలో కలుస్తుంది.

ఎత్తిపోతలు రావాల్సిందే. కానీ మోటార్లు తెచ్చిన నీళ్లను నేలలో నిలపాల్సింది కూడా ఆ ఇసుకే. భూగర్భ జలాలు దెబ్బతినేచోట ఇసుక తవ్వకాన్ని ఆపే అధికారం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇచ్చింది. దుందుభి ఒడ్డు గ్రామాలు చెక్‌డ్యాం అడిగే ముందు, ఆ చట్టం అమలును గ్రామసభలో అడగాలి.