గట్టు మీద లెక్క

ఎల్లారెడ్డి దగ్గర మా మోటబావి పది గజాల లోతు. బొక్కెన తెగి పడ్డా, గిరక ఇరుసు జారినా ముందు పాతాళగరిగె వేసి గాలించేవాళ్లు. దాని కొక్కేలకు ఏమీ తగలకపోతే మా కాక బనీను విప్పేవాడు.

నా పని గట్టు మీద కూర్చొని లెక్కపెట్టడం. బిగ్గరగా పెట్టాలి. నీళ్ల కిందికి ఆ గొంతు వినబడదని నాకూ తెలుసు, కాకకూ తెలుసు. అరవై దాటితే బాపును పిలవాలని మా మధ్య ఒప్పందం. ఒకరోజు యాభై ఎనిమిది దాకా పోయింది. అప్పటికే నేను సగం లేచి నిలబడ్డాను. కాక తల తేలింది, చేతిలో ఇరుసు.

"ఎంతైందిరా?"

"యాభై ఎనిమిది, కాకా."

"జెర జల్ది లెక్కవెట్టినవ్" అన్నాడు ముక్కు చీదుకుంటూ.

రెండో మునక వెంటనే ఉండేది కాదు. మెట్టు మీద తడి లుంగీతో కూర్చొని బీడీ ముట్టించేవాడు. మా అమ్మ చుట్టిన బీడీలే. మా దిక్కు ఏ అరుగు మీద చూసినా ఒడిలో చాట, చాటలో తునికాకు ఉండే కాలం. ఆ బీడీ పూర్తిగా కాలిందాకా ఎవరు తొందరపెట్టినా కదిలేవాడు కాదు. "చెవులు సదురుకోవాలె" అనేవాడు.

ఆ బావిలో ఈతకు మేం నడుముకు ఎండిన కిత్తనార బెండ్లు కట్టుకునేవాళ్లం. ఇప్పుడు బెండ్లూ లేవు, మోటా లేదు. బోర్లు వచ్చాక ఒక్కో బావీ అడుగంటింది.

కామారెడ్డిలో మీటర్‌గేజి బండెక్కి, సికింద్రాబాద్ మీదుగా విశాఖకు పోయి నీటి కింది పనిలో చేరినప్పుడు నాకు మొదట ఇచ్చింది పలక. ఎల్లారెడ్డి బడిలో వదిలేసిన పలకే మళ్లీ చేతికొచ్చినట్టయింది. ఇది ప్లాస్టిక్‌ది, నీళ్లలో కూడా పెన్సిల్‌తో రాయొచ్చు. దానికి దారంతో వేలాడుతూ అంకెల పట్టిక ఉండేది.

బావికి అక్కరలేని పట్టిక సముద్రానికి ఎందుకంటే, కాక లోపలికి తీసుకుపోయేది ఒక్క గుక్క గాలి. పది మీటర్ల దగ్గర అది సగానికి నలిగి, పైకొచ్చేసరికి మళ్లీ అంతే అవుతుంది. మేం మాత్రం అడుగునే ఉండి సిలిండర్లోంచి ఒత్తిడి గాలి పీలుస్తూనే ఉంటాం. అందులోని నైట్రోజన్ ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. గబుక్కున పైకొస్తే సోడా మూత తీసినట్టే, ఒంట్లో బుడగలు. కీళ్లు పట్టేస్తాయి, ఇంకా ముదిరితే కాళ్లు పడిపోతాయి. అందుకే మెట్టు మెట్టుకీ ఆగుతూ రావాలి.

1908లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త, బ్రిటిష్ నౌకాదళం కోసం మేకల మీద ప్రయోగాలు చేసి దీనికి లెక్క కట్టాడు. ఒంట్లో అన్ని భాగాలూ ఒకే వేగంతో నానవన్నదే ఆయన పట్టుకున్న కిటుకు. నాకది మోటతోనే అర్థమైంది. తువ్వాలు ఇట్టే తడుస్తుంది, ఇట్టే ఆరుతుంది. మోట తోలు తొండం నానడానికి ఒక పూట, ఆరడానికి రెండు రోజులు. నెత్తురు తువ్వాలు, కీళ్లు తోలు.

మా పట్టిక అప్పటి అమెరికా నౌకాదళానిది. 60 అడుగుల లోతులో 60 నిమిషాలు, 100 అడుగుల్లో 25, అంతవరకు ఆగకుండా పైకి రావచ్చు. 57 అడుగులే దిగినా 60 గడి చూసుకోవాలి; కిరాణా కొట్టువాడి లెక్కలాగ చిల్లర ఎప్పుడూ పైకే. రెండు నిమిషాలు మాత్రమే అడుగు తాకి, మిగతా సేపంతా పైన తిరిగినా, మొత్తం అడుగునే ఉన్నట్టు జమ. పడవ మీద ఒకడు గడియారం పట్టుకొని కూర్చునేవాడు. గట్టు మీద నేనున్న చోటే అది. ఒకసారి అలా కూర్చున్నవాడు ఒక వరస తప్పి చూశాడు. ఆ రాత్రి నా మోచెయ్యి లోపలినుంచి ఎవరో మర తిప్పుతున్నట్టు సలిపింది. ఒత్తిడి గదిలో పడుకోబెట్టి, మళ్లీ లోతుకు దించినట్టు దించి, మెల్లగా తెచ్చారు. వాడి మీద నాకు కోపం లేదు. చిన్నప్పుడు నేనూ జల్ది లెక్కపెట్టినవాణ్నే.

కిందటేడు మా అన్న మనవడు దుబాయి నుంచి వచ్చాడు. మా దిక్కు పిల్లలు గల్ఫ్‌కు పోవడం కొత్త కాదు, కానీ వీడు అక్కడ సెలవుల్లో లోతు డైవింగ్ నేర్చుకున్నాడు. మణికట్టుకు డైవ్ కంప్యూటర్. కొన్ని సెకన్లకోసారి లోతు చూసుకుని, ఒంటిని పదహారు భాగాలుగా లెక్కగట్టి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో అదే చెబుతుంది. స్విట్జర్లాండ్‌లోని బుల్‌మన్ అనే ఆయన కట్టిన లెక్క అది. అన్నిటికన్నా మెల్లగా నానే భాగం సగం నిండడానికి 635 నిమిషాలట. మోట తోలును మించింది!

వీడు హీలియం కలిపిన గాలితో దిగుతాడు. తిరిగొచ్చేటప్పుడు 21 మీటర్ల దగ్గర సగం ఆక్సిజన్ ఉన్న సిలిండర్‌కు, 6 మీటర్ల దగ్గర పూర్తి ఆక్సిజన్‌కు మారతాడు. అదే ఆక్సిజన్‌ను లోతులో పీలిస్తే మూర్ఛ వస్తుంది.

"నువ్వు సిలిండర్ మార్చి కంప్యూటర్‌కు చెప్పడం మరిచిపోతే?" అన్నాను.

"అది పాత గాలి లెక్కనే కడతది, తాతా. అందుకే పలక కూడా పెట్టుకుంటా."

పలక మాట వినగానే వాడి మీద నాకు నమ్మకం కుదిరింది. ప్రమాదపు గీత దాకా పోకుండా ముందే ఆగేట్టు కంప్యూటర్‌కు నేర్పి పెట్టుకున్నాడట, నిజాంసాగర్ నిండుతున్నదని తెలిసి ముందే గేట్లెత్తినట్టు. మంచిదే. ఒంటికి చలేసిందనీ రాత్రి నిద్ర లేదనీ ఆ పెట్టెకు తెలియదు కదా.

వాడు బావి చూడాలన్నాడు. సర్కారు తుమ్మల్లోంచి దారి చేసుకుని పోయాం. మొన్నటి వానలకు అడుగున కాసిన్ని నీళ్లు, వాటి మీద గుట్కా పొట్లాలు. వాడు కంప్యూటర్ విప్పి, తాడుకు ఇంత రాయితో కట్టి దించాడు. కాసేపుంచి పైకి లాగితే తెరమీద లోతు: 1.9 మీటర్లు.

తుడుస్తుంటే తెరమీద ఇంకో అంకె కదులుతున్నది. అదేమిట్రా అంటే, నీళ్లలోంచి వచ్చి ఎంతసేపయిందో అదే లెక్కపెడుతుందన్నాడు, రెండో మునకకు ముందు అది చూసుకోవాలట.

మా కాకకు అది ఒక బీడీ.