పెన్నేరు యాడుంది సామీ?

గోదావరికి సినిమాల్లో వేషాలకేం తక్కువ? 'మూగ మనసులు' (1964)లో పడవ, 'అందాల రాముడు' (1973)లో పడవ... తెర మీద గోదావరి కనిపించగానే నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! కృష్ణమ్మకూ లోటు లేదు. మరి మా పెన్నేరో? "ఏరంటే నీళ్లుండాలి కదా గురూ!" అంటారు స్నేహితులు. నవ్వితే నవ్వనీండి. డబుల్ యాక్షన్, మారుపేర్లు, విడిపోయిన అక్కచెల్లెళ్లు, ఉన్నట్టుండి విరుచుకుపడే ఫైటింగు... మా ఏటి కథలో లేనిదేమిటో మీరే చెప్పండి.

అయితే ఈసారి నేను కథ కోసం వెళ్లలేదు. నాన్న పోయి అప్పటికి నెల. హిందూపురం దగ్గర పెన్నేటి ఒడ్డున ఓ పల్లెలో పుట్టి, బతుకంతా పట్నంలో ఉద్యోగం చేసిన మనిషి. పోయే ముందు ఒక్కటే అడిగాడు: "కాశీ వద్దు, గోదావరి వద్దు. నన్ను పెన్నేట్లో కలపండ్రా." సరేనన్నాను. మాట ఇవ్వడానికేం? నోటి పనే కదా!

మే నెలలో గుడ్డ చుట్టిన చిన్న కుండ పట్టుకుని హిందూపురంలో దిగాను. చిన్నాయన వచ్చి పల్లెకు తీసుకుపోయాడు. గట్టెక్కి చూస్తే... ఇసుక! ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుక, మధ్యలో కంపచెట్లు, మేకలు, ఒక ట్రాక్టరు చాలు.

"ఏరు యాడుంది చిన్నాయనా?"

"నువ్వు నిలబడింది ఏట్లోనే గదప్పా!" అన్నాడాయన.

కుండను గట్టు మీది రావిచెట్టు కొమ్మకు కట్టాడు. "రెండు దినాలు చూద్దాం. పెనుకొండ దిక్కు, ధర్మారం దిక్కు పోయిరా. యాడన్నా నీళ్లు కనపడితే ఆలోచన చేద్దాం" అన్నాడు. అలా మొదలైంది నా ప్రయాణం.

ఒకే కొండ, ఎన్ని ఏర్లు!

కర్ణాటకలో చిక్కబళ్లాపురం దగ్గర నంది కొండలున్నాయి. 1,478 మీటర్ల ఎత్తు. బెంగుళూరు కుర్రకారు తెల్లవారుజామున మోటారు సైకిళ్ల మీద పోయి మబ్బులు చూసొస్తారే, ఆ కొండలే. ఆ ప్రాంతం ఏర్ల పుట్టిల్లు. పెన్న, చిత్రావతి, పాలారు, అర్కావతి అన్నీ ఆ చుట్టుపక్కల పుట్టినవే. అర్కావతి దక్షిణంగా రామనగరం వైపు వెళుతుంది. 'షోలే' (1975)లో గబ్బర్ సింగ్ డెన్ చూశారుగా, ఆ బండరాళ్లున్న ఊరే రామనగరం! అంటే గబ్బర్ సింగ్ ఊరి ఏరూ, మా ఏరూ ఒక ఇంటి ఆడపడుచులన్నమాట.

ఇక డబుల్ యాక్షన్ సంగతి. పినాకిని అనే పేరుతో ఇద్దరున్నారు. పినాకం అంటే శివుడి విల్లు. ఆ విల్లు పేరుతో ఒక ఏరు దక్షిణానికి తిరిగి, హోసూరు మీదుగా తమిళనాడులోకి పోయి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది దక్షిణ పినాకిని, తమిళులకు తెన్‌పెణ్ణై. ఇంకొకటి ఉత్తరానికి తిరిగి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వస్తుంది. అది ఉత్తర పినాకిని. మా పెన్న.

ఉత్తరం అని ఊరికే అనలేదు. దక్షిణాదిన పెద్ద నదులు చాలామటుకు తూర్పు దారి పడతాయి. మా పెన్న మాత్రం ముందు ఉత్తర దిక్కుకు నడుస్తుంది. హిందూపురం తాలూకాలో అడుగుపెట్టి, పరిగి ప్రాంతంలో జయమంగళిని కలుపుకుని, మళ్లీ కర్ణాటకలో పావగడ వైపు తొంగిచూసి, తిరిగి మన దగ్గరికే వస్తుంది. అలిగిన కొత్త కోడలి రాకపోకలు! ఆ తర్వాత అనంతపురం జిల్లాలో తూర్పుకు మళ్లి, తాడిపత్రి, గండికోట, కడప సీమ, నెల్లూరు దాటి సముద్రం చేరుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు.

తాడిపత్రి అనగానే మీకు గుర్తు రావాల్సిన పేరు ఒకటుంది. 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డిగారిది ఆ ఊరే. బళ్లారి రాఘవ పుట్టిందీ అక్కడే. పెన్న నీళ్లు తక్కువ ఇచ్చిందేమో గానీ మనుషుల్ని తక్కువ ఇవ్వలేదు.

పేరులో ఏముంది?

చాలా ఉంది! శాస్త్రులుగారు పినాకిని అంటారు. నెల్లూరివాళ్లు పెన్న అంటారు. మా పల్లెల్లో పెన్నేరు. ఇంగ్లీషు దొరలు పెన్నార్ అన్నారు. పెను అంటే పెద్ద. పెను కొండ పెనుకొండ అయినట్టు పెను ఏరు పెన్నేరు అయిందని కొందరి మాట. కన్నడంలో ఇంకో తమాషా. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. ఆ లెక్కన మన పెన్న పాత కన్నడ శాసనంలో 'హెన్నె' అయి కూర్చుంది.

ఆ శాసనం సంగతి చెప్పి తీరాలి. గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది, 1388 నాటిది. విజయనగర రాజు రెండవ హరిహరరాయల కొడుకు బుక్కరాయలు అప్పుడు పెనుకొండలో ఉన్నాడు. ప్రాణులకు నీరే ప్రాణం అనుకుని, సింగాయభట్టు అనే జలవిద్య తెలిసిన ఇంజనీరును పిలిచి హెన్నె ఏటిని పెనుకొండకు తెమ్మన్నాడు. సింగాయభట్టు కల్లూడి నుంచి సిరువేర చెరువుకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, రాతి మీద రాయించాడు. చూశారా, ఆరు వందల ఏళ్ల కిందటే ఈ గడ్డ మీద నీళ్ల కోసం ఇంజనీరును పిలిచారు. పెన్న అప్పుడు కూడా దానంతట అది పెనుకొండకు రాలేదు. పడమరగా రొద్దం వైపు నుంచి తన దారిన తాను పోతుంది.

పెనుకొండలో సముద్రం!

పెనుకొండ బస్టాండులో దిగి తలెత్తితే కొండ మీది కోట గోడలు కనిపిస్తాయి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పాడుబడితే రాజ్యం వచ్చి తలదాచుకున్నది ఇక్కడే. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు చిన్న వయసులోనే ఈ ఊరి మీద 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ పుస్తకమే పాఠ్యగ్రంథంగా ఎదురైంది! సినిమాలో పెడితే నమ్మం కదూ?

ఆటో అబ్బాయిని "నీళ్లెక్కడున్నాయి బాబూ?" అంటే గొల్లపల్లి రిజర్వాయరుకు తీసుకుపోయాడు. గట్టెక్కగానే కళ్లు చెదిరాయి. ఎండాకాలంలో నీలంగా, అలలతో నీళ్లు! ప్రాణం లేచొచ్చింది. కుండ తెచ్చేద్దామా అనుకున్నాను.

"ఇది పెన్నేరేనా?"

"కాదన్నా. క్రిష్ణా నీళ్లు. హంద్రీ-నీవా!"

శ్రీశైలం జలాశయం వెనక నీళ్లను ఎత్తిపోస్తూ, మెట్టు తర్వాత మెట్టు ఎక్కిస్తూ ఇంత దూరం తెచ్చారు. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది; ఈ జలాశయం నీళ్లే దానికి ఆధారం. మంచిదే. ఉద్యోగాలొచ్చాయి, పంపులు తిరుగుతున్నాయి. అయినా నా మనసొప్పలేదు. జనం తాగే నీళ్లు. పైగా నాన్న అడిగింది పెన్నేరు. అచ్చం హీరో స్థానంలో డూపును పెట్టి "క్లోజప్ కూడా తీసేయండి" అన్నట్టుంది!

నీళ్ల గురించి ఈ సీమలో మాట్లాడితే ఓట్ల సంగతి కూడా వస్తుంది. ఎన్.టి.రామారావుగారు 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచే గెలిచారు. తెర మీద గంగను నెత్తిన మోసిన శివుడి వేషం కూడా వేసిన మనిషి కదా, నీళ్ల మీద ఆశ పెట్టుకోవడంలో జనం తప్పేముంది?

అసలు పెన్నలో నీళ్లెందుకు లేవు? సినిమాల్లోలాగా ఒక్క విలన్‌ను చూపించడం కుదరదు. అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పైన కర్ణాటకలో చెరువు తర్వాత చెరువు. అవన్నీ నిండితే గానీ ఏరు కదలదు. ఎగువ, దిగువ పేచీ తెల్లదొరల నాటిది. 1892లోనే మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. ఆ జాబితాలో పెన్నా ఉంది, చిత్రావతీ ఉంది. ఆపైన మన బోర్లు. వందల అడుగులు దించి లాగుతుంటే ఏటి కింద తడి ఎక్కడ నిలుస్తుంది? అటు ఇసుక లారీలు సరేసరి.

ధర్మారం పట్టు

ధర్మవరం చేరేసరికి సాయంత్రం. ఈ ఊరి ఏరు చిత్రావతి. అదీ ఆ నంది కొండల దిక్కు నుంచే వచ్చి, పుట్టపర్తి మీదుగా ధర్మవరం దాటి, గండికోటకు ఎగువన పెన్నలో కలుస్తుంది. పుట్టింట్లో విడిపోయిన అక్కచెల్లెళ్లు క్లైమాక్సులో కలుసుకున్నట్టు!

ఊరి చెరువు క్రియాశక్తి ఒడయరు కట్టించాడనీ, తల్లి ధర్మాంబ పేరే ఊరికి పెట్టాడనీ ఇక్కడివాళ్లు చెబుతారు. పెళ్లి సీనులో హీరోయిన్ కట్టే పెద్దంచు పట్టుచీరను చూసి ముచ్చటపడతాం కదా, ఆ చీరకూ నీళ్లు కావాలి. పచ్చి పట్టుకు జిగురుంటుంది. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి, జాడించి, ఆ తర్వాత రంగులో ముంచాలి. ఒక నేతగాడు గుంత మగ్గంలో కూర్చుని నవ్వుతూ అన్నాడు: "ఏరు పారితే కష్టం, పారకపోతే కష్టం సార్. గుంతలోకి నీళ్లొస్తే మగ్గం నిలబడిపోతాది."

నిజమే. ఈ ఎండిన ఏర్లను తక్కువ అంచనా వేయకండి. 2021 నవంబరులో ఈ చిత్రావతే పొంగి మనుషుల్ని మధ్యలో బంధిస్తే, వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి 10 మందిని పైకి లాగింది. అదే నెలలో పెన్న నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద మట్టిని కోసుకుపోయింది. నిద్రపోయే మనిషిని చూసి చనిపోయాడనుకుంటే ఎలా?

తిరిగి ఏటికి

చిత్రావతిలోనూ ఆ వేళ నాకు కనిపించింది ఇసుకే. మర్నాడు పల్లెకు తిరిగొచ్చాను. చిన్నాయన ఏమీ అడగలేదు. పార తీసుకుని ఏటి మధ్యకు నడిచాడు.

"మా చిన్నప్పుడు మోకాటి లోతు తీస్తే చెలమ ఊరేది. ఊట కాలువలుండేవి. ఏట్లో ఇసుక కోసి, ఊట నీళ్లను వాలుగా పట్టి, మడికి పారించేటోళ్లం. ఏడాదికోసారి ఊరంతా కలిసి పూడిక తీసేది. మీ నాయన పార పట్టినాడంటే ఎవురూ సాటి లేరు" అన్నాడు.

పట్నంలో ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకు పోయే నాన్నే తెలుసు నాకు. పార పట్టిన నాన్నను ఎన్నడూ చూడలేదు.

తవ్వాం. నడుములోతుకు ఇసుక రంగు మారింది. ఇంకా తీస్తే చేతికి చల్లగా తడి తగిలింది. నీరు కాదు, తడి. "చాలు. ఇదే పెన్నేరు" అన్నాడు చిన్నాయన. కుండ విప్పి ఆ తడి ఇసుకలో నాన్నను ఉంచి, పైన ఇసుక కప్పి, దోసెడు పూలు వేసి వచ్చాం. "ఏరొచ్చినప్పుడు ఆమే తీసుకుపోతాదిలే."

అక్టోబరులో ఒక రాత్రి ఫోన్ మోగింది. చిన్నాయన గొంతు, వెనక పెద్ద హోరు.

"వినపడుతుందా నాయనా? ఏరొచ్చింది. గట్టు నుంచి గట్టుకు పారుతోంది. మీ నాయన పోయినాడ్రా!"

నాకు వెంటనే మాట రాలేదు. కాసేపయ్యాక, "ఎన్నాళ్లు పారుతుంది చిన్నాయనా?" అన్నాను.

"మూడు దినాలు. మహా అయితే నాలుగు. అంతే."

చాలు. నెల్లూరు దాకా పోవడానికి ఆ నీళ్లు సరిపోతాయో లేదో నాకు తెలీదు. మధ్యలో పేరూరు ఆనకట్ట ఉంది, ఇంకా ఎన్ని ఉన్నాయో. కానీ నాన్నకు సముద్రం మీద ఎప్పుడూ ఆశ లేదు. ఆయన అడిగింది ఏరే.