ఆ గీత ఆపండయ్యా

గుకేష్ గురించి అందరూ రాస్తున్నారు, గుకేష్ ఆట చూసేవాళ్ల గురించి మీరు రాయండి అన్నారు మా సంపాదకులు. అలా 2024 డిసెంబరు 8, ఆదివారం నాడు గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీదున్న చెస్ శిక్షణ కేంద్రానికి వెళ్లాను. సింగపూర్‌లో సాయంత్రం ఐదు, మనకు మధ్యాహ్నం రెండున్నర. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పదకొండో ఆట. అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌కు ఐదు పాయింట్లు, సవాలు చేస్తున్న గుకేష్‌కు ఐదు.

కేంద్రం నడిపే కుర్రాడు ట్రోఫీల అల్మారా, కొత్తగా కొన్న డిజిటల్ గడియారాలు చూపించబోయాడు. నా చూపు అప్పటికే కిటికీ పక్కకు పోయింది. అక్కడ ఒక పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారట, చెక్క బోర్డు పరుచుకుని కూర్చున్నారు. తెల్ల గుర్రానికి ఒక చెవి లేదు. పక్కన రూళ్ల నోటుబుక్కు, సన్నగా చెక్కిన పెన్సిలు. ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు తనకు తోచిన ఎత్తు రాసుకుంటారు. తర్వాత తల తిప్పి, ఆట ప్రసారమవుతున్న తెర చూస్తారు. అక్కడ ఆడిన ఎత్తును దాని పక్కన రాసి, రెండూ ఒకటే అయితే చిన్న చుక్క పెడతారు. అప్పుడు గానీ పావు కదలదు. బొటనవేలు, చూపుడు వేలుతో మెడ దగ్గర పట్టుకుని గడి మధ్యలో దించి, వేళ్లు వెంటనే తీయరు. నోటుబుక్కులో చుక్కలు తక్కువే. దాచుకునే ప్రయత్నం కూడా లేదు.

గుర్రం ఎఫ్3, డి5. సి4, డి4. మూడో ఎత్తుకే గుకేష్ బి బంటును రెండు గళ్లు ముందుకు తోశాడు. ముందు వరుసలో పిల్లలు ఎగిరి గంతేశారు. ‘రేటీ, రేటీ!’ అని ఒకడు. ‘నల్లవాడు సి5 ఆడితే రివర్స్ బ్లూమెన్‌ఫెల్డ్ అవుతుందిరా’ అని ఇంకొకడు. వాడికి పదేళ్లుంటాయేమో. డింగ్ సి5 ఆడాడు. వాడి తల్లి వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసింది.

పెద్దాయన నావైపు వంగి, ఈ ఓపెనింగుకు పేరిచ్చిన రేటీ 1924లో న్యూయార్క్‌లో కాపాబ్లాంకా మీద మూడో ఎత్తుకు ఆడిందీ బి4 ఏనండీ, అన్నారు. అప్పటికి కాపాబ్లాంకా ప్రపంచ ఛాంపియన్, ఎనిమిదేళ్లుగా ఒక్క ఆటా ఓడినవాడు కాదు. ఆ రోజు ఓడాడు. సరిగ్గా నూరేళ్లయింది. ముందు వరుసలో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

తర్వాత జరిగిందే నాకు ఒళ్లు మండించింది. ఓపెనింగ్ ఇంకా ముగియకుండానే డింగ్ ఆలోచనలో పడ్డాడు. అరగంట దాటినా కదల్లేదు. తొలి నలభై ఎత్తులకు రెండు గంటలు, అప్పటిదాకా ఎత్తుకింత అని కలిసే సెకన్లు ఉండవు. అంటే ఆ అరగంటను ఆయన తన చివరి ఎత్తుల్లోంచి తీసి ఖర్చుపెడుతున్నాడు. మూడో ఆటలో ముప్పై ఏడో ఎత్తు దగ్గర గడియారం అయిపోయి ఓడింది ఈయనే. అది తెలిసీ కూర్చున్నాడంటే ఎదురుగా ఉన్నది ఎంత చిక్కో ఊహించుకోవచ్చు. హాల్లో ఏమన్నారో తెలుసా? ‘ప్రిపరేషన్ లేదు పాపం’ అని నవ్వి, మిరపకాయ బజ్జీలకు లేచారు. కూర్చున్నవాళ్లు తెర అంచున నిలువుగా ఉండే తెలుపు నలుపు గీతను చూస్తున్నారు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రాం లెక్క ప్రకారం ఎవరిది పైచేయో చెప్పే గీత అది. ఓట్ల లెక్కింపు రోజు ఆధిక్యాలు చూసినట్టే చూస్తున్నారు. తెల్లది పెరిగితే చప్పట్లు, తగ్గితే నిట్టూర్పులు. బోర్డు మీద ఏం మారిందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

‘ఆ గీత ఆపండయ్యా, మీకు పుణ్యముంటుంది’ అన్నారు పెద్దాయన, కాస్త గట్టిగానే. ఎవరూ ఆపలేదు.

ఆయన మాటను ముసలాయన చాదస్తమని కొట్టిపారేయలేకపోయాను. ఇలాంటి కేంద్రాల్లో ఫీజు కట్టేవాళ్లు ముందుగా అడిగేది ఓపెనింగులే. కంప్యూటర్ సరేనన్న ఎత్తులు పన్నెండు దాకా పిల్లాడికి నోటికి వస్తాయి. ఎదుటివాడు నాలుగో ఎత్తుకే దారి తప్పితే అక్కడితో సరుకు అయిపోతుంది. తప్పు వాడిది కాదు. తెలియని చోట కాసేపు ఊరికే కూర్చోవడం వాడికి బళ్లోనూ నేర్పలేదు, ట్యూషన్లోనూ నేర్పలేదు, చివరికి చదరంగంలోనూ నేర్పడం లేదు. డింగ్ చేస్తున్నది సరిగ్గా అదే. దాన్ని చూపించి నేర్పాల్సిన అరగంటలో మనం బజ్జీలు తిన్నాం. పైగా ఈ ఛాంపియన్‌షిప్ తేలింది ఓపెనింగులో కాదు. డిసెంబరు 12న పద్నాలుగో ఆట యాభై అయిదో ఎత్తుకు డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. గుకేష్ ఏనుగులు మార్చుకున్నాడు, ఆపై శకటాలూ మారక తప్పలేదు, మిగిలిన బంట్ల లెక్కలో ఆట అయిపోయింది. ఆ లెక్క ఏ ఓపెనింగ్ ఫైల్లోనూ ఉండదు.

పదకొండో ఆటకు వస్తే, గుకేష్ కూడా చాలాసేపు ఆలోచించి తన గడియారం కరగబెట్టాడు. గీత అటూ ఇటూ ఊగింది. ఇరవై ఎనిమిదో ఎత్తుకు డింగ్ మంత్రిని సి8కి తీసుకెళ్లగానే గీత ఒక్కసారిగా తెల్లబడింది. హాలు గోలెత్తిపోయింది. ఎందుకు తెల్లబడిందో అప్పటికి ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. పెద్దాయన ఎదురుగా తెరకు వీపు పెట్టి కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి తల తిప్పబోయింది. ‘అటు చూడకు తల్లీ, ఇక్కడే చూడు’ అన్నారాయన.

ఆ పిల్ల అరచేతులు బుగ్గలకు ఆనించి కూర్చుంది. బి వరుసలో తెల్ల ఏనుగులు రెండు, ఒకదాని వెనక ఒకటి. బి7లో నల్ల బంటు. ముందు గుర్రాన్ని జరపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పెదాలు కదిలాయి. తర్వాత తెల్ల మంత్రిని ఎత్తి సి6లో ఉన్న నల్ల గుర్రాన్ని తీసేసింది. మంత్రిని బంటుతో చంపితే బి వరుస తెరుచుకుంటుంది, ఏనుగు బి8కి దూసుకుపోతుంది, నల్ల మంత్రికి దిక్కుండదు. చంపకపోతే గుర్రం ఊరికే పోయినట్టే. తెర మీద గుకేష్ ఆడిందీ అదే, ఇరవై తొమ్మిదో ఎత్తు. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. పెద్దాయన నోటుబుక్కులో ఈసారి చుక్క పెట్టి, పక్కన ఆ అమ్మాయి పేరులో మొదటి అక్షరం రాశారు.

వచ్చే ఏడాది కూడా వస్తావా అని అడిగితే ఆ పిల్ల తల్లి వైపు చూసింది. ‘టెన్త్ కదండీ, ఆ తర్వాత ఇంటరు. చూద్దాం’ అంది తల్లి. గ్రాండ్‌మాస్టర్ హంపి పుట్టిన గుడివాడ, మరో గ్రాండ్‌మాస్టర్ హారిక పుట్టిన గుంటూరు ఉన్న నేల ఇది. ఇక్కడా ‘చూద్దాం’ అన్న మాటతో బోర్డు అటకెక్కుతూనే ఉంది.

ఛాంపియన్‌షిప్ గెలిచిన రాత్రి గుకేష్ తనతో పనిచేసిన బృందంలోని పేర్లు బయటపెట్టాడు. వాళ్లలో మన గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నాడు. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయినవాడు. ఊరంతా మురిసింది. నేనూ ఉండబట్టలేక పెద్దాయనకు ఫోన్ చేశాను. ‘సంతోషమండీ, చాలా సంతోషం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ‘ఆ పదకొండో ఆట సంగతి చూడండి. డింగ్ మూడో ఎత్తుకు సి5 కాకుండా ఎఫ్6 ఆడుంటే? ఈ5కు దారి దొరికేది కదా. నిన్నట్నుంచీ అదే పెట్టుకుని కూర్చున్నా. మీ దగ్గర బోర్డుందా?’